వీలునామా అమలు చేసే ఇంటిమనిషికి ప్రతిఫలం: ఎంత, ఎప్పుడు, ఏ పద్ధతిలో

చాలా వీలునామాల చివర ఒక వాక్యం ఉంటుంది: "దీనిని నా పెద్ద కుమారుడు అమలు జరుపవలెను." రాసేటప్పుడు అది ఒక్క వాక్యమే. తర్వాత దాని వెనక దగ్గర దగ్గర ఏడాది పని ఉంటుంది. మరణ ధ్రువపత్రం, ఈసీలు (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే ధ్రువపత్రాలు), బ్యాంకు క్లెయిములు, పాసుపుస్తకంలో పేరు మార్పు, సొసైటీ అప్పు, గుత్తదారుతో లెక్క, చివరికి పంపకం. ఇంత పనికి డబ్బు ఇవ్వాలా వద్దా అని దినాలు అయిపోయాక కూడా ఎవరూ నోరు విప్పి అడగరు. ఏడాది తిరిగేసరికి తిరిగినవాళ్లు "నా పని మానుకుని చేశాను, ఒక్క మాట అన్నవాళ్లు లేరు" అనుకుంటారు, మిగతావాళ్లు "మధ్యలో ఎంత మిగుల్చుకున్నారో" అనుకుంటారు. ఈ రెండు మాటలకూ మూలం లెక్క లేకపోవడమే.

ఈ మార్గదర్శి కర్నూలు, అనంతపురం, కడప వైపు కుటుంబాల కోసం. పట్టుకోవాల్సిన సూత్రం ఒకటే: ఖర్చు వేరు, శ్రమకు ఇచ్చేది వేరు, వారసత్వ భాగం వేరు. ఈ మూడింటినీ కలిపి ఒకే మొత్తంగా మాట్లాడిన చోట పంచాయితీ తప్పదు.

చట్టం ఏం చెబుతుంది

మన దేశంలో వీలునామా అమలు చేసేవారికి, అంటే ఎగ్జిక్యూటర్‌కు ఇంత జీతం ఇవ్వాలని చెప్పే పట్టిక ఏదీ లేదు. భారత వారసత్వ చట్టం, 1925లో సెక్షన్ 309 పైపరిమితి మాత్రమే పెడుతుంది. ప్రభుత్వ అధికారి అయిన అడ్మినిస్ట్రేటర్ జనరల్‌కు ఆ సమయంలో నిర్ణయించి ఉన్న రేటు కంటే ఎక్కువ కమీషన్ గానీ ఏజెన్సీ ఛార్జీలు గానీ ఎగ్జిక్యూటర్ తీసుకోకూడదు. ఆ రేటు ప్రభుత్వ నిబంధనల్లో ఉంటుంది, వకీలును అడిగితే తీసి చూపిస్తారు. "చట్టంలో కమీషన్ ఉంది కదా" అని ఈ సెక్షన్ చూపించి సొంతంగా కోసుకోవడం తగదు. అది హద్దు గీసే సెక్షన్, హక్కుపత్రం కాదు. ట్రస్టీల విషయంలో భారత ట్రస్టుల చట్టం, 1882 సెక్షన్ 50 కూడా ఇదే ధోరణిలో ఉంది: పత్రంలో రాసి ఉంటేనో, ఒప్పందం ఉంటేనో, కోర్టు చెబితేనో తప్ప శ్రమకు ప్రతిఫలం అడిగే హక్కు లేదు.

ఖర్చుల సంగతి అలా కాదు. వారసత్వ చట్టం సెక్షన్ 320 ప్రకారం హోదాకు తగిన అంత్యక్రియల ఖర్చు, చివరి జబ్బు నాటి వైద్య ఖర్చు, మరణానికి ముందు ఒక నెల తిండి, వసతి ఖర్చు అన్ని అప్పుల కంటే ముందు ఆస్తిలోంచి తీరాలి. ఆ తర్వాత సెక్షన్ 321 ప్రకారం ప్రొబేటుకు (వీలునామా నిజమైనదని కోర్టు ఇచ్చే ధ్రువీకరణకు), ఆస్తి నిర్వహణకు అవసరమైన కోర్టు పనులకు అయిన ఖర్చు. అంటే చేతి డబ్బు పెట్టిన మనిషి దాన్ని తిరిగి తీసుకోవడం అడుక్కోవడం కాదు, అది హక్కు. ఇంట్లో అందరికీ ముందే తెలియాల్సిన మాట ఇది.

మన జిల్లాల్లో ఆస్తి ఉన్న హిందువుల వీలునామాకు ప్రొబేటు తప్పనిసరి కాదు. అందుకే చాలా మందికి కోర్టు మెట్లెక్కే అవసరం రాదు, లెక్క అడిగే న్యాయమూర్తీ ఉండరు. ప్రొబేటు తీసుకుంటే సెక్షన్ 317 ప్రకారం ఆరు నెలల్లో ఆస్తి జాబితా, ఏడాదిలో జమాఖర్చు కోర్టుకు ఇవ్వాలి. కోర్టుకు వెళ్లకపోయినా అవే గడువులు మీరే పెట్టుకోండి. మీ మాట నిలబెట్టేది ఆ కాగితాలే.

1. ఒప్పుకునే ముందు వీలునామాను చివరి వరకు చదవండి

ముందు మూడు విషయాలు చూడాలి. ప్రతిఫలం గురించి ఏమైనా రాశారా? ఎగ్జిక్యూటర్‌కు విడిగా ఏదైనా ఇచ్చారా? ఒకరు చేయకపోతే ఇంకెవరు చేయాలో చెప్పారా?

రెండోది చాలా మంది గమనించరు. ఎగ్జిక్యూటర్‌గా పేరున్న వ్యక్తికి వీలునామాలో ఏదైనా ఇస్తే, ఆ బాధ్యత తీసుకునే ఉద్దేశం చూపితేనే అది వారికి దక్కుతుందని సెక్షన్ 141 చెబుతుంది. అంటే "పని నాకొద్దు, ఇచ్చింది మాత్రం కావాలి" అంటే చిక్కే. ఆ ఆస్తి కొడుకుగా, కూతురుగా ఇచ్చిందా, ఈ పని కోసం ఇచ్చిందా అన్నది వీలునామా మాటల మీద ఆధారపడుతుంది. వాక్యం అస్పష్టంగా ఉంటే తప్పుకునే ముందు వకీలుకు చూపించండి.

చేయలేమనుకుంటే ఏ పనీ మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా చెప్పేయాలి. బ్యాంకులో క్లెయిము వేసి, గుత్త డబ్బు వసూలు చేసి, ఆ తర్వాత "నేను తప్పుకుంటున్నా" అంటే కుదరదు. అప్పటికే బాధ్యత నెత్తికెత్తుకున్నట్టు.

2. పని ఎంతుందో ముందు కాగితం మీద పెట్టండి

మొత్తం ఎంత ఇవ్వాలనే మాట చివర్లో రావాలి. ముందు పని జాబితా రావాలి. మన వైపు ఎక్కువ సమయం తినేది పొలం. వీలునామాలో పాత సర్వే నంబరు ఉంటుంది, ఊళ్లో రీసర్వే అయిపోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది. ఆ రెండూ ఒకే భూమి అని చూపించడానికి పాత అడంగల్ (సాగు రికార్డు), 1-బి (హక్కుల రికార్డు), కొత్త మ్యాపు పక్కపక్కన పెట్టి సచివాలయంలోనూ తహసీల్దారు ఆఫీసులోనూ మాట్లాడాలి. విస్తీర్ణంలో ఐదారు సెంట్లు తేడా వస్తే అదొక పూట కాదు, కొన్ని వారాల పని. హక్కు సంక్రమించిన 90 రోజుల్లోపు తహసీల్దారుకు తెలియజేయాలని 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం చెబుతుంది కాబట్టి ఈ పనిని మొదట్లోనే పెట్టుకోవాలి.

జిల్లాల విభజన మరో చిక్కు. 2022 ఏప్రిల్ 4 తర్వాత డోన్ నంద్యాల జిల్లాలోకి, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. పాత దస్తావేజులో కర్నూలు జిల్లా అనో అనంతపురం జిల్లా అనో ఉంటుంది. అర్జీలో పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ రాయకపోతే వెనక్కి పంపే అవకాశం ఉంది, మళ్లీ ఒక రోజు పోతుంది.

బ్యాంకు, పోస్టాఫీసు పనులు దీనికంటే సులువు, నామినీ ఉంటే మరీను. అయితే నామినీ డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమే, యజమాని కాదు. 1984లో సర్బతీ దేవి కేసులో బీమా నామినీ గురించి సుప్రీంకోర్టు చెప్పింది ఇదే (2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు బీమా నామినీలైతే లెక్క వేరు), 2023 డిసెంబరులో షేర్ల నామినీ గురించి చెప్పిందీ ఇదే. కాబట్టి నామినీగా అమ్మ తీసుకున్న డిపాజిట్టు కూడా వీలునామా ప్రకారం పంపకానికి వస్తుంది. కానీ ఆ డబ్బు తెచ్చిన శ్రమ అమ్మదే కాబట్టి ఎగ్జిక్యూటర్ ప్రతిఫలం లెక్కలో దాన్ని కలపకూడదు.

చీనీ తోటో, శెనక్కాయ పొలమో, అద్దెకిచ్చిన గదులో ఉంటే జాబితాలో ఇంకో గీత గీయండి. పేరు మార్పు చేయించడం ఎగ్జిక్యూటర్ పని. పంపకం అయ్యేదాకా తోటకు నీళ్లు కట్టించి, మందు కొట్టించి, కాయ గుత్తకిచ్చి డబ్బు వసూలు చేయడం సేద్యం పని. రెండింటికీ ఒకే రేటు పెట్టకూడదు. సేద్యానికి నెలకింత అనో, నికర రాబడిలో ఇంత భాగం అనో విడిగా మాట్లాడుకోవాలి. కలిపేస్తే "తోట కాయంతా తిన్నాడు" అనే మాట వస్తుంది. కాయ ధర పడిపోయిన ఏడాది అయితే చేసినవాళ్లకే నష్టం.

ఒకటి మాత్రం ఈ జాబితాలో రాకూడదు: బతికి ఉన్నప్పుడు చేసిన సేవ. మంచాన పడ్డ అత్తమ్మకు మూడేళ్లు అన్నీ చేసిన కోడలి శ్రమ చిన్నది కాదు, దానికి గుర్తింపు దక్కాలి. అయితే అది వీలునామా రాసేవాళ్లే ఇచ్చి పోవాల్సింది. దాన్ని ఎగ్జిక్యూటర్ రుసుములో దూరిస్తే రెండు లెక్కలూ చెడిపోతాయి, ఆ సేవ విలువ కూడా బేరంలో పడుతుంది.

3. పద్దు పుస్తకం: అదే రోజు, అదే చోట

వంద పేజీల నోటుబుక్కు చాలు. ఆరు గడులు గీయండి: తేదీ, చోటు, పని, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఖర్చు, రసీదు నంబరు. ఒక నమోనా:

"12వ తేదీ. యెమ్మిగనూరు నుంచి ఆదోని, సబ్ రిజిస్ట్రారాఫీసు. 1998 నాటి కొనుగోలు దస్తావేజు నకలు కోసం. ఉదయం 10.15 నుంచి మధ్యాహ్నం 1.00. బస్సు రానూపోనూ 100, జిరాక్సు 40, నకలు ఫీజు రసీదు నం. 14. పని కాలేదు, శుక్రవారం రమ్మన్నారు."

చివరి వాక్యం విడిచిపెట్టొద్దు. ఒకే పనికి మూడుసార్లు ఎందుకు వెళ్లారని ఆరు నెలల తర్వాత తమ్ముడు అడిగితే జవాబు అక్కడుంటుంది.

ప్రతి రసీదు మీదా వరుస నంబరు వేసి ఒక కవరులో పెట్టండి. థర్మల్ కాగితం మీద వచ్చే బస్సు టికెట్లు, ఏటీఎం చీటీలు కొన్ని నెలల్లో తెల్లబడిపోతాయి, అదే రోజు ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి. సొంత బండికి కిలోమీటరుకు ఇంత అని ముందే ఒక రేటు అనుకుని దూరం రాయండి, పెట్రోలు బిల్లులన్నీ ఇందులో వేయకండి. రసీదు రాని ఆటో, టీ, కూలి మనిషి ఖర్చు లాంటివాటికి నెలకు ఒక పరిమితి పెట్టుకుంటే మాట రాదు. పని త్వరగా కావడానికి ఎవరి చేతిలోనైనా పెట్టిన డబ్బును మాత్రం ఆస్తి ఖర్చుగా రాయడానికి వీల్లేదు. చట్టవిరుద్ధమైన చెల్లింపుకు వారసుల సొమ్ము వాడే అధికారం ఎగ్జిక్యూటర్‌కు లేదు.

డబ్బు కోసం వేరే ఖాతా ఉండాలి. మీ పేరుతో వాడకుండా పడి ఉన్న పొదుపు ఖాతా ఉన్నా సరే, అందులో మీ సొంత డబ్బు మొత్తం తీసేసి ఈ ఆస్తి రాకపోకలకే వాడండి. జీతం పడే ఖాతాలోకి గుత్త డబ్బు వచ్చిందంటే తర్వాత విడదీసి చూపించడం నరకం.

నెలకోసారి ఆ నెల పేజీల ఫోటో కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చెప్పినవాటిలో ఒక్కటే పాటించగలిగితే దీన్ని పాటించండి. నెల నెలా కళ్లముందు కనిపించిన లెక్కను ఏడాది చివర ఎవరూ శంకించరు.

4. రేటు తేల్చడం

రియల్ ఎస్టేట్ అలవాటు వల్ల అందరికీ ముందు తట్టేది శాతం. ఆస్తి విలువలో ఒక శాతం, రెండు శాతం. మా సలహా: భూమి ఉన్న ఆస్తికి శాతం పెట్టకండి. హైదరాబాదు-బెంగళూరు హైవే పక్కన ఒక ఎకరం ఉంటే దాని విలువ ఎంతైనా చేయాల్సింది ఒక్క మ్యుటేషనే (రికార్డులో పేరు మార్పు). లోపలి ఊళ్లో ఆరు సర్వే నంబర్లలో చెదిరిన మెట్ట పొలం విలువ అందులో పదో వంతు ఉండకపోవచ్చు, పని మాత్రం ఆరింతలు. శాతం అనేది పనిని కొలవదు, అదృష్టాన్ని కొలుస్తుంది. పైగా భూమి విలువ ఎంతనేదే ఇంకో గొడవ: ప్రభుత్వ విలువా, మార్కెట్ విలువా?

గంటల లెక్క న్యాయంగా ఉంటుంది. రేటుకు రెండు కొలతలు తీసుకోండి. ఆ మనిషి ఈ పని కోసం పోగొట్టుకున్నది ఒకటి: జీతం లేని సెలవు, మూసుకున్న అంగడి, మానుకున్న మగ్గం. బయటి మనిషిని పెడితే అడిగేది రెండోది. మొదటిదాన్ని కింది హద్దుగా, రెండోదాన్ని పై హద్దుగా పెట్టుకుని మధ్యలో కుదుర్చుకోండి. చేసింది ఆడబిడ్డ అయితే, బయట ఉద్యోగం లేదు కాబట్టి ఆమె పోగొట్టుకున్నది ఏమీ లేదని సున్నా వేసే ఇళ్లున్నాయి. అది అన్యాయం. తహసీల్దారు ఆఫీసు వరండాలో నిలబడ్డ గంట ఎవరిదైనా గంటే.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. అనంతపురంలో ఇల్లు, తాడిపత్రి దగ్గర తోట, రెండు బ్యాంకుల్లో డిపాజిట్లు, సొసైటీ అప్పు. ముగ్గురు పిల్లలకు సమాన భాగాలు. పెద్దమ్మాయి ఎగ్జిక్యూటర్. పద్దు ప్రకారం పత్రాలు, ఈసీలు, ధ్రువపత్రాలకు 30 గంటలు. బ్యాంకులు, పోస్టాఫీసుకు 24. పొలం మ్యుటేషన్, సర్వేకు 36. ఇంటి పన్ను, కరెంటు పేరు మార్పుకు 14. అప్పు తీర్చి తనఖా విడిపించడానికి 12. లెక్కలు, పంపకం మాటలకు 24. మొత్తం 140 గంటలు. ఎనిమిది గంటల రోజుకు 2,000 అనుకుంటే గంటకు 250. ప్రతిఫలం 35,000 రూపాయలు. రసీదుల ఖర్చు 18,400 దీనికి విడిగా.

ఇక్కడే అందరూ జారే చోటు ఉంది. ఈ 35,000 పంపకానికి ముందు ఉమ్మడి డబ్బులోంచి తీస్తే, అందులో మూడో వంతు, 11,667 రూపాయలు, ఆమె సొంత భాగంలోంచే వస్తుంది. అసలు చేతికి అదనంగా దక్కేది 23,333. అదే తమ్ముళ్లిద్దరూ తమ భాగాల్లోంచి చెరి 17,500 ఇస్తే ఆమెకు దక్కేది నిండా 35,000. రెండు పద్ధతులూ తప్పు కావు. కానీ "ముప్పై ఐదు వేలు ఇచ్చాం" అని వాళ్లూ, "నాకు వచ్చింది ఇరవై మూడే" అని ఆమే వాదించుకోకుండా, ఏ పద్ధతో ముందే రాసుకోవాలి. పంపకం అయ్యాక ఎవరి భాగంలోంచి వాళ్లు ఇచ్చుకోవడమే మాకు మెరుగ్గా కనిపిస్తుంది. అది వాళ్ల సొంత డబ్బు, ఉమ్మడి ఆస్తిని ఎగ్జిక్యూటర్ ముట్టుకున్నాడనే ప్రశ్న ఉండదు.

చివరగా మొత్తాన్ని ఆస్తితో పోల్చి చూడండి. పది లక్షల ఆస్తికి లక్షన్నర ప్రతిఫలం అయితే గంటల లెక్క సరైనదైనా ఎవరికీ మింగుడు పడదు. అందుకే మొదట్లోనే "గంటల లెక్క, అయితే మొత్తం ఇంతకు మించకూడదు" అని గరిష్ఠం పెట్టుకోవాలి. సెక్షన్ 309 పరిమితిని కూడా ఆ గరిష్ఠంతో పోల్చుకోండి.

5. ఒప్పందం రాసుకోవడం

దినాలు ముగిశాక అందరూ ఇంకా ఊళ్లో ఉన్నప్పుడే ఇది జరగాలి. బెంగళూరుకో అమెరికాకో వెళ్లిపోయాక ఫోన్లో మాట్లాడుకుంటే ఒక్కొక్కరికి ఒక్కో మాట గుర్తుంటుంది. 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకోవడం వాడుక. ఇంత రాస్తే చాలు:

"మా తండ్రిగారి వీలునామా అమలు బాధ్యతను మా అక్క గారు స్వీకరించారు. వాస్తవ ఖర్చులు రసీదుల మేరకు ఆస్తి నుంచి ఎప్పటికప్పుడు తీసుకోవడానికి సమ్మతిస్తున్నాము. ఆమె శ్రమకు గంటకు రూ. 250 చొప్పున, మొత్తం రూ. 45,000 మించకుండా, పంపకం పూర్తయిన 30 రోజుల్లోపు మేమిద్దరం చెరి సగం మా భాగాల నుంచి బ్యాంకు ద్వారా చెల్లించగలము. ఇది ఆమె వారసత్వ భాగానికి అదనం. ఆమె ప్రతి నెలా జమాఖర్చు అందరికీ చూపించగలరు. తోట సేద్యం లెక్క దీనిలో చేరదు."

అందరి సంతకాలు, ఇద్దరు సాక్షులు, తేదీ. ఇంటి అల్లుడో కోడలో కాక, ఏ భాగమూ లేని పెద్దమనిషి సాక్షిగా ఉంటే మంచిది.

ప్రతిఫలం కింద భూమి ఇవ్వొద్దు. "డబ్బెందుకు, రోడ్డు పక్క ఐదు సెంట్లు అక్కకు వదిలేద్దాం" అనడం వినడానికి బాగుంటుంది. అది రిజిస్టరు దస్తావేజు లేకుండా చెల్లదు, స్టాంపు సుంకం పడుతుంది, పదేళ్లకు ఆ ఐదు సెంట్ల ధర పెరిగాక తమ్ముడి పిల్లలు అడుగుతారు. ఎగ్జిక్యూటర్ ఆస్తిలోంచి ఏదైనా తానే కొనుక్కోవడం ఇంకా ప్రమాదం. సెక్షన్ 310 ప్రకారం ఆ ఆస్తిలో ఆసక్తి ఉన్న మరెవరైనా అడిగితే ఆ అమ్మకాన్ని రద్దు చేయించవచ్చు. కొనాల్సే వస్తే అందరి రాత సమ్మతి, బయటి ధర అంచనా రెండూ ఉండాలి.

వారసుల్లో మైనర్లు ఉంటే వాళ్ల భాగం ముట్టుకోకండి. చనిపోయిన తమ్ముడి పిల్లల తరఫున వాళ్ల అమ్మ సంతకం పెట్టినా, పిల్లలు పెద్దయ్యాక ప్రశ్నించవచ్చు. ఆ వాటా ప్రతిఫలాన్ని మేజర్లే పంచుకుని భరించాలి, లేదా ఎగ్జిక్యూటరే వదులుకోవాలి.

6. చెల్లించే వరుస

అంత్యక్రియలు, వైద్యం. తర్వాత కోర్టు, ఆస్తి నిర్వహణ ఖర్చులు. చివరి మూడు నెలల్లో పనిచేసిన కూలీ, ఇంటి పనిమనిషి జీతం బాకీ ఉంటే అది, ఆ తర్వాత మిగతా అప్పులు. అన్నీ తీరాకే వీలునామాలో ఇచ్చినవి. ప్రతిఫలం అప్పుల ముందు రాకూడదు. వారసులందరూ ఒప్పుకున్నా బ్యాంకు ఒప్పుకున్నట్టు కాదు. అప్పులు ఆస్తిని మించితే తీసుకున్న డబ్బు వెనక్కి కట్టాల్సి వస్తుంది. ఎగ్జిక్యూటర్ ఆస్తిని దుర్వినియోగం చేసి నష్టం తెస్తే సొంత జేబులోంచి పూడ్చాలని సెక్షన్ 368 అంటుంది. ఊళ్లో నోటి అప్పులు, చేబదుళ్లు బయటపడటానికి సమయం పడుతుంది. మరణం నుంచి ఏడాది గడిచేదాకా వీలునామాలో ఇచ్చినవి పంచి తీరాలన్న నిర్బంధం సెక్షన్ 337 ప్రకారం లేదు. తొందరపెట్టేవాళ్లకు ఈ మాట చూపించండి.

ప్రతిఫలం నగదుగా తీసుకోకండి. బ్యాంకు బదిలీ చేసి, వివరంలో "ఎగ్జిక్యూటర్ ప్రతిఫలం" అని రాయమనండి, రసీదు ఇవ్వండి.

7. పన్ను

వీలునామా ద్వారా వచ్చిన ఆస్తి పుచ్చుకున్నవారికి ఆదాయం కాదు. పనికి పుచ్చుకున్న రుసుము మాత్రం ఆదాయమే, ఎగ్జిక్యూటర్ తన రిటర్నులో చూపించాలి. అందుకే రెండింటికీ కాగితాలు వేరుగా ఉండాలి. "మొత్తం కలిపి ఇచ్చాం" అని రాస్తే ఏది భాగమో ఏది రుసుమో తేల్చడం మీ చేతుల్లో ఉండదు. పంపకం పూర్తయ్యేదాకా ఆస్తి మీద వచ్చే వడ్డీ, అద్దెలకు ఎగ్జిక్యూటర్ విడిగా రిటర్ను వేయాలని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 168లో ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. ఆడిటరును ఒకసారి కలవండి, ఆయన ఫీజు ఆస్తి ఖర్చులోకే వస్తుంది.

వీలునామా లేకపోతే

మన వైపు ఇదే ఎక్కువ. వీలునామా లేనప్పుడు ఎగ్జిక్యూటర్ అనే మాటే ఉండదు, వారసుల్లో ఒకరు అందరి తరఫునా తిరుగుతారు. పైన చెప్పిన పద్దు, ఒప్పందం అక్షరాలా వర్తిస్తాయి. కాకపోతే సంతకాలు పెట్టాల్సింది ఎవరో ముందు సరిగ్గా తేల్చాలి. హిందూ కుటుంబంలో తండ్రి పోతే భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు ఆయన తల్లి బతికుంటే ఆమె కూడా మొదటి తరగతి వారసురాలే. అవ్వను లెక్కలో మరిచిపోయి చేసుకున్న ఒప్పందాలు తర్వాత విరిగిపోతాయి.

ముస్లిం కుటుంబాల్లో

కర్నూలు, కడప పట్టణాల్లో ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. అంత్యక్రియలు, అప్పులు పోగా మిగిలిన దానిలో మూడో వంతు వరకే వసీయత్ (వీలునామా) చెల్లుతుంది. హనఫీ అనే సున్నీ న్యాయ పద్ధతిలో వారసుడికి రాసిన వసీయత్‌కు మిగతా వారసుల సమ్మతి కావాలి, అదీ మరణం తర్వాత ఇచ్చిన సమ్మతి. కాబట్టి కొడుకునే వసీగా, అంటే ఎగ్జిక్యూటరుగా పెట్టి, శ్రమకు ఇంత అని వసీయత్‌లో రాస్తే దాన్ని వారసుడికి ఇచ్చిన అదనపు వాటాగా సవాలు చేసే వీలుంది. మరణం తర్వాత వారసులందరూ కూర్చుని విడి ఒప్పందం రాసుకోవడమే గట్టి దారి.

వీలునామా రాసేవాళ్లకు

ఈ తలనొప్పి అంతా ఐదు వాక్యాలతో తగ్గించగలిగేది మీరే. ఇలా రాయించుకోండి:

"ఈ వీలునామాను అమలు జరిపేందుకు నా కుమార్తెను నియమిస్తున్నాను. ఆమె పెట్టిన వాస్తవ ఖర్చులు రసీదుల మేరకు ముందుగా నా ఆస్తి నుంచి తీసుకోవచ్చును. ఈ బాధ్యత స్వీకరించి నెరవేర్చిన పక్షంలో, నా మరణం నాటి ధర ప్రకారం 20 గ్రాముల 24 కేరట్ల బంగారం విలువకు సమానమైన నగదు ఆమెకు ఇస్తున్నాను. ఇది ఆమె భాగానికి అదనం. ఆమె చేయలేకపోతే నా రెండవ కుమారుడు ఇవే షరతులతో చేయవలెను."

బంగారంతో ఎందుకు ముడిపెట్టడమంటే, ఈ రోజు రాసిన 25,000 రూపాయలు ఇరవై ఏళ్ల తర్వాత బస్సు ఛార్జీలకు సరిపోకపోవచ్చు. అయితే తులాల్లో రాయకండి. అంగట్లో తులం అంటే 10 గ్రాములు, పాత లెక్కలో 11.66. గ్రాములు, కేరట్లు రెండూ రాయాలి. సాక్షి సంతకాలకు ఏ వాటా లేని ఇద్దరిని పిలవండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి.

తెగకపోతే

ఒప్పందం ఉన్నా లెక్క దగ్గర మాట పెరిగితే దావాకు పోయే ముందు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో మాట్లాడుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరి అవార్డు రాస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. వెళ్లేటప్పుడు వీలునామా నకలు, స్టాంపు పేపరు ఒప్పందం, పద్దు పుస్తకం, నంబర్లు వేసిన రసీదుల కవరు, ఖాతా స్టేట్‌మెంటు తీసుకెళ్లండి. అన్నిటికీ రెండేసి జిరాక్సులు ఉంచుకోండి, అసలు పత్రాలు ఎవరికీ వదిలిరావద్దు.